అయుధ్యమాన వధ : ధర్మయుద్ధ విచారము

సంస్కృతాంధ్ర విద్వత్సభలలో యుద్ధధర్మము ప్రసంగవశమున వచ్చినపుడెల్ల ఒక మాట తప్పక వినవచ్చును. ఆయుధము పట్టనివానిని చంపుట పాశ్చాత్యులు నేర్పిన విద్య యనియు, మనవారి యుద్ధములు యోధులకును యోధులకును మాత్రమే జరిగినవనియు, ఒకవైపు సేనలు పోరుచుండగా మఱొకవైపు రైతు నిశ్చింతగా దున్నుకొనుచుండెననియు వక్తలు సెలవిత్తురు. దీనికి మెగస్తనీసు వ్రాతలను సాక్ష్యముగా చూపుదురు. ఆ గ్రీకు రాయబారి అట్లు వ్రాసినట్లు తరువాతి గ్రీకు గ్రంథకర్తలు ఉదాహరించిన మాట నిజమే. సభ చప్పట్లు కొట్టును, వక్త కూర్చుండును. డ్రెస్డెన్, హిరోషిమా, నాగసాకి నగరముల పేర్లు పరుల ఖాతాలో వ్రాయబడి మన ఖాతా నిర్మలముగా మిగులును.

ఈ వాదము సగము నిజమని నా అభిప్రాయము. పూర్తిగా అబద్ధమైనచో ఖండించుట సులభము. సగము నిజము కావుననే కొంత వివరముగా పరిశీలింపవలసి యున్నది. మన గ్రంథములలో పౌరవధను నిషేధించిన వాక్యములు కలవు. దానికి దారితీయు వాక్యములును కలవు. ఈ రెండు పక్షములను ఎదురెదురుగా నిలిపి వాదించిన ఘట్టములును కలవు. మొదటివానిని మనము సభలలో వల్లించుచున్నాము, రెండవవానిని దాచుచున్నాము, మూడవవానిని చదువుటయే మానితిమి. నష్టమంతయు ఈ మూడవదానివలననే.

విషయము మన ప్రాంతమునకు దూరపుది కాదు. 1942 ఏప్రిల్ 5వ తేదీన జపాను విమానములు కొలంబోపై బాంబులు వేసినవి. మరునాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు కాకినాడ, విశాఖపట్టణములపై దాడి చేసినవి. గుఱి ఓడరేవు, ఓడలు. మృతుల సంఖ్య ఆ యుద్ధమున లండను, హాంబర్గు నగరములు చూచిన సంఖ్యతో పోల్చిన మిక్కిలి స్వల్పము. ఐనను విశాఖపట్టణమునుండి జనము మూటాముల్లె నెత్తిన పెట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. మద్రాసునందు ప్రభుత్వము ఏప్రిల్ రెండవ వారమున, అవసరము లేనివారందఱు నగరమును విడిచి పోవలసినదని సూచించి, తన కార్యాలయములను లోనాటి పట్టణములకు తరలించెను. బాంబుపడి కంచెలు విఱిగినచో వీథులలో తిరుగునను భయముచే అచటి జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగములను కాల్చివేసిరి. ఇంత కలవరము జరిగినను, 1943 అక్టోబరులో ఒంటి విమానమొకటి వచ్చి కొన్ని బాంబులు వేసిపోవుట తప్ప ఆ నగరమునకు వేఱు హాని కలుగలేదు.

ఆ తరలింపులలో రెండు మనకు సంబంధించినవి. చిత్తూరు చెంత కట్టమంచిలో జన్మించిన రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులుగా నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరును విడిచి గుంటూరు చేరెను. మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము తన తాళపత్రముల కట్టలతో మన తిరుపతికి వచ్చెను. తాటియాకు కాలిపోయినచో మరల వ్రాయించుట ఎవరి తరమును కాదు. కావున ఆ నిర్ణయమును నేను తప్పుపట్టను. ఐనను నాటి ప్రకటనలోని 'అవసరము లేనివారు' అను మాట యొద్ద ఆగవలసి యున్నది. అవసరము లేనివారు పోవలెను, సరియే. అవసరమైనవారెవరు? రేవులో బస్తాలు మోయు కూలీ, రైలింజనులో బొగ్గువేయువాడు, నీటిగొట్టముల పనివాడు, వీథు లూడ్చువాడు. యుద్ధకాలపు భాషలో అవసరమైనవాడనగా బాంబుపడు చోటనే ఉండవలసినవాడు. వానికి లోనాట బంధువుల యిల్లును లేదు. ప్రభుత్వము తరలించు పెట్టెలలో వానికి చోటును లేదు. విశాఖపట్టణముపై బాంబువేసిన వైమానికుని అడిగినచో, నేను రేవును కొట్టితిని కాని మనుష్యుని కొట్టలేదని చెప్పియుండును. ఆ రేవే ఆ మనుష్యుని జీవనోపాధి.

ఇక ఆ తాళపత్రములలోని ధర్మమును చూతము. మనుస్మృతి సప్తమాధ్యాయమున యుద్ధమునందు చంపదగనివారి పట్టిక ప్రసిద్ధము. చేతులు జోడించినవాడు, జుట్టు విడిపోయినవాడు, కూర్చున్నవాడు, నీవాడనన్నవాడు, నిద్రించువాడు, కవచము లేనివాడు, ఆయుధము లేనివాడు, పోరక చూచుచున్నవాడు, గాయపడినవాడు, భయపడినవాడు, పాఱిపోవువాడు. 'అయుధ్యమానుడు' అను పదము ఇచటిదే. విషదిగ్ధములును, నిప్పుతో మండు మొనలు కలవియు నైన బాణములను వాడరాదనియు ఆ ప్రకరణమే చెప్పును. మన వక్తలు ఇంతవఱకు చదివి పుస్తకము మూయుదురు. అదే అధ్యాయమున నూఱు శ్లోకముల పిమ్మట ముట్టడి ప్రకరణమున్నది. శత్రువును చుట్టుముట్టి వాని రాష్ట్రమును పీడింపవలెను, గడ్డిని, అన్నమును, నీటిని, వంటచెఱకును పాడుచేయవలెను, చెఱువులను తెగగొట్టవలెను, రాత్రివేళ భయపెట్టవలెను. గడ్డి తినునది సైన్యపు గుఱ్ఱము మాత్రమే కాదు, రైతు ఎద్దును. చెఱువు తెగగొట్టిన రాయలసీమలో ఏమగునో మనకు ఎవ్వరును వ్యాఖ్యానము చేయనక్కఱలేదు. మూడు శ్లోకములతో ఒక్కొక్క శరీరమును కాపాడిన శాస్త్రము, రెండు శ్లోకములతో ఒక దేశమునే ఆకలికి అప్పగించినది.

ఇది గ్రంథమునందే నిలిచిపోలేదు. 1780లో హైదరాలి కనుమలు దిగి కర్ణాటక పాయనుఘాటుపై పడినపుడు చేసినది ఈ ముట్టడి నీతియే. మద్రాసు చుట్టును గ్రామములు కాల్చబడినవి. పంటలు, పశువులు నాశనమైనవి. కంపెనీ సేనలకు గ్రాసము దొరకకుండుటయే లక్ష్యము. ఆకలికి చచ్చినవారు మాత్రము గ్రామస్థులు. ఎడ్మండ్ బర్క్ 1785లో ఇంగ్లండు పార్లమెంటునందు ఆర్కాటు నవాబు అప్పులపై చేసిన ఉపన్యాసమున ఈ విధ్వంసమును వర్ణించిన భాగము ఆంగ్ల సాహిత్యమున ప్రఖ్యాతమైనది. ఐతే ఆయన హైదరును మాత్రమే నిందింపలేదు. ఆ కోపమును రగిల్చిన కంపెనీ విశ్వాసఘాతమును, నవాబు అప్పులవారి దురాశను దోషస్థానమున నిలిపెను. హైదరు 1782 డిసెంబరు 7న మన చిత్తూరు సమీపముననే, నరసింగరాయనిపేట శిబిరమున మరణించెను. మెగస్తనీసు చెప్పిన రైతు ఆ మూడేండ్లలో పాయనుఘాటున కనబడడు.

కౌటిల్యుని యర్థశాస్త్రము ఈ విషయమున మనువుకంటె స్పష్టము. క్రూరమన్న పేరు దానికే కలదు గాని, నా దృష్టిలో ఈ ఒక్క యంశమున అది యెక్కువ నిజాయితీ కలది. పదమూడవ అధికరణమున దుర్గమును పట్టు ఉపాయములు చెప్పుచు, ఆ కోటలో గూళ్లు కట్టుకొన్న డేగలను, కాకులను, చిలుకలను, గోరువంకలను, పావురములను పట్టించి, తోకలకు అగ్నియోగములు కట్టి విడువవలెననును. సాయంకాలమునకు పక్షి తన గూటికి చేరును. గూడు ఇంటి చూరులో ఉండును. ఆకాశమునుండి నగరమును కాల్చు ఆలోచన మన గ్రంథమునందును కలదు. (రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారు గబ్బిలములకు ఇట్లే నిప్పుమందు కట్టి ప్రయోగములు చేసి, తుదకు విడిచిపెట్టిరి. వారు అర్థశాస్త్రమును చదివియుందురని నేననుట లేదు.) అటువంటి కౌటిల్యుడే ఆ ప్రకరణముననే, పరాక్రమముతో సాధింపగలిగిన చోట నిప్పును విడువరాదనును. కారణములు మూడు చెప్పెను. అగ్ని నమ్మదగినది కాదు. అది దైవపీడనము. లెక్కింపరాని ప్రాణులను, ధాన్యమును, పశువులను, ధనమును అది నాశనము చేయును. కోటలో ప్రవేశించిన పిమ్మట అభయమీయవలసినవారిలో అయుధ్యమానులను ప్రత్యేకముగా పేర్కొనెను. దయ యనుకొన్నను, లెక్క యనుకొన్నను, 'లెక్కింపరాని ప్రాణులు' అను దోషమును ఆయుధముపైననే మోపిన వాక్యమది. ఎందఱు చత్తురో, ఎవరు చత్తురో ప్రయోగించువాడు చెప్పలేని ఆయుధమునకు ఆ చెప్పలేకపోవుటయే దోషము.

ఆధునికులు ఈ వధను సమర్థించుటకు చెప్పు మాటలను మూడు విధములుగా విభజింపవచ్చును. కర్మాగారమున పనిచేయువాడును యోధుడే యనునది మొదటిది. నగరముపై వేసిన బాంబు యుద్ధమును త్వరగా ముగించి, చంపినవారికంటె ఎక్కువమందిని బ్రదికించుననునది రెండవది. దేశమే పోవు ఆపదలో నియమములు నిలువవనునది మూడవది.

మొదటిదానికి ఉత్తరము భీష్మపర్వ ప్రారంభమున ఉభయసేనలు చేసికొన్న సమయమునందు దొరకును. సారథులను, బండ్లకు కట్టిన పశువులను, భేరీశంఖములు మ్రోగించువారిని కొట్టరాదని చెప్పుచు, శస్త్రములను అందించువారిని కూడ అందు చేర్చిరి. శస్త్రోపనాయి రణభూమియందే ఉండును. అతడందించిన బాణమే క్షణమైన పిమ్మట తగులును. అట్టివానినే కొట్టరాదన్నపుడు, క్రోసుల దూరమున కొలిమి యొద్ద నున్నవాని మాట చెప్పనేల? ఆ సమయమును ఉభయపక్షములవారును భంగపఱచిరన్నది వేఱు విషయము. భంగమును వ్యాసుడు భంగముగానే వ్రాసెను. దానికి కొత్త నిర్వచనము కల్పింపలేదు.

రెండవ వాదము అన్నిటికంటె బలమైనది. 1947 ఫిబ్రవరిలో అమెరికా యుద్ధమంత్రిగా నుండిన స్టిమ్సన్ అణుబాంబును సమర్థించుచు వ్రాసిన వ్యాసమునకు ఇదియే ఆధారము. నేటికిని ఎందఱో సజ్జనులు దీనినే నమ్ముదురు. దండయాత్రలో చచ్చియుండెడి లక్షలమంది లెక్క ఒకవైపు, రెండు నగరములు మఱొకవైపు పెట్టి తూచుదురు. లెక్క సరియా కాదా యనునది చరిత్రకారుల పని. జర్మనీ నగరములపై బాంబువర్షము కుఱియుచున్న కాలముననే ఆ దేశపు యుద్ధసామగ్రి ఉత్పత్తి 1944 మధ్యవఱకు పెఱుగుచు వచ్చినదని యుద్ధానంతరము అమెరికావారే చేసిన పరిశీలనలో తేలినది. ఐనను ఈ లెక్క సరియైనదేయని ఒప్పుకొని వాదింతము. అపుడును ఒక ప్రశ్న మిగులును. ఆక్స్‌ఫర్డులో ట్రూమనుకు గౌరవపట్టము ఈయ దలచిన 1956లో ఎలిజబెత్ ఆన్స్‌కూమ్ అను తత్త్వశాస్త్రవేత్త్రి దానిని వ్యతిరేకించుచు, నిరపరాధులను చంపుటను సాధనముగా నెంచుకొన్నవాని పని హత్యయేయని వాదించెను. ఆమెకు ఆధారము క్రైస్తవధర్మము. మనకు ఆధారమేది?

విదురనీతిలోని ప్రసిద్ధశ్లోకము దీనికి ప్రతికూలమని కొందఱనవచ్చును. కులముకొఱకు ఒకనిని, గ్రామముకొఱకు కులమును, దేశముకొఱకు గ్రామమును విడువవలెనను ఆ నీతిని, పెక్కురకై కొందఱిని చంపుటకు ప్రమాణముగా ఉదాహరించుట నేను విన్నాను. ఇచట వ్యాకరణమును కొంచెము గమనింపవలెను. క్రియ 'త్యజేత్', 'హన్యాత్' కాదు. విడువబడువాడు తనవాడు, పరుడు కాడు. దుర్యోధనుని విడువుమని ధృతరాష్ట్రునకు చెప్పిన సందర్భమది. తనకు ప్రియమైనదానిని వదలుకొనుట త్యాగము. ఇతరుల బిడ్డలను మన లెక్కకు సరిపెట్టుట త్యాగము కాదు. కట్టమంచివారి ముసలమ్మ మరణమునందు చెఱువుకట్ట తెగకుండుటకై ముసలమ్మ తానే పోయెను. ఊరివారు పొరుగూరి పిల్లను తెచ్చి త్రోసినచో ఆ కావ్యము కావ్యమగునా?

ఐనను అసలైన ఉత్తరము రామాయణ యుద్ధకాండములో కలదు. దానిని ఈ చర్చలో ఉదాహరించుట అరుదు. ఇంద్రజిత్తు హోమము చేసి, అదృశ్యుడై, ఆకాశమునుండి బాణవర్షము కుఱిపించుచున్నాడు. క్రిందనున్న వానరులు చచ్చుచున్నారు. రామలక్ష్మణుల శరీరములు రక్తసిక్తములైనవి. కొట్టువాడు కనబడడు, తిరిగి కొట్టుటకు గుఱి లేదు. లక్ష్మణునకు కోపము వచ్చి, సర్వరాక్షసవధకై బ్రహ్మాస్త్రమును ప్రయోగింతునని అన్నను అడిగెను. ఈ క్షణమున లక్ష్మణుని పక్షమున ఎంత బలమున్నదో చూడవలెను. ఆక్రమణ చేసినవారు వారు. సీతను ఎత్తుకొనిపోయినవారు వారు. మాయాయుద్ధము చేయుచున్నది వారు. అస్త్రమును వేసినచో యుద్ధము ఆనాడే ముగియును. స్టిమ్సను చెప్పిన కారణములన్నియు లక్ష్మణుని పక్షమున కలవు.

రాముని ఉత్తరము చిన్నది. ఒకని కారణముగా భూమిమీది రాక్షసులందఱిని చంపదగదు. పోరనివానిని, దాగినవానిని, చేతులు జోడించినవానిని, శరణు వచ్చినవానిని, పాఱిపోవువానిని, మత్తుడైనవానిని నీవు చంపదగవు. వీనినొక్కనిని చంపుటకే యత్నింతము. ఇంతే. యుద్ధమును విడిచిపెట్టుదమని ఆయన అనలేదు, ఇంద్రజిత్తును క్షమింపలేదు, భూమిలో దూరినను, ఆకాశమున దాగినను వాడు పడక తప్పదని ప్రతిజ్ఞ చేసెను. ఇది అహింసావాదము కాదు. శత్రువును శత్రువుగానే చూచుచు, ఆ శబ్దమును వాని జాతికంతటికి వ్యాపింపజేయుటకు ఒప్పుకొనకపోవుట. అదియును తన సేన చచ్చుచుండగా, తన మేన నెత్తురు కాఱుచుండగా. ఈ నిషేధమును చెప్పినవాడు సింహాసనముపై కూర్చుండి చెప్పలేదు. దాని ధర ఆయనయే చెల్లించెను. ఇంద్రజిత్తు ఆ దినమున చావలేదు, తరువాత మాయాసీతను చంపి చూపెను, యుద్ధము కొనసాగెను. నియమమువలన యుద్ధము పొడిగినదని వాల్మీకి దాచలేదు.

వాలిని చెట్టుచాటునుండి కొట్టినవాని మాటకు విలువ యేమని అడుగువారుందురు. అడుగవలసినదే, వాలియే అడిగెను. ఒకచోట తడబడినవాడు వేఱొకచోట సరిగా పలికినచో ఆ పలుకు తప్పగునా యనునది నా ప్రతిప్రశ్న. సుందరకాండములోని లంకాదహనము ఇంతకంటె చిక్కైనది. హనుమంతుడు నగరమంతయు కాల్చుచు విభీషణుని యిల్లొకటి విడిచెను. జుట్లు విడిపోయిన స్త్రీలు మండుచున్న మేడలనుండి పడుటయు, చంటిబిడ్డల నెత్తుకొన్న తల్లులు ఏడ్చుచు కూలుటయు వాల్మీకి మనకు చూపించెను. చూపింపకున్నను కథకు లోటు లేదు, ఐనను చూపించెను. తరువాత హనుమంతునకు పశ్చాత్తాపము కలిగెను. కోపముచే ఎంత పని చేసితినని తన్ను తాను నిందించుకొనెను. ఐతే ఆ దుఃఖము సీత కాలిపోయెనేమో యని; ఆ తల్లులకై కాదు. చారణుల మాట విని ఆమె క్షేమమని తెలిసినంతనే ఊరడిల్లెను. నేటి యుద్ధములలో ఎదుటి నగరమున మనవారున్నపుడు కలుగు తడబాటును, లేనపుడు కలుగు నిశ్చింతను ఇంత కచ్చితముగా చెప్పిన ఘట్టము నాకు మఱొకటి తెలియదు. భక్తులు నన్ను మన్నింతురు గాక. హనుమంతుని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ఆ సర్గను పారాయణముగా మాత్రమే చదువుచున్నాము, చర్చగా చదువుట లేదన్నదే నా బాధ.

భారతము ఈ ప్రశ్నను అస్త్రములవైపునుండి పట్టుకొనెను. ఉద్యోగపర్వము తుదిని ఒక విచిత్రమైన లెక్క కలదు. ఎదుటి సేనను ఎన్నినాళ్లలో నిర్మూలింపగలరని అడుగగా భీష్ముడు నెల యనెను, ద్రోణుడు నెల యనెను, కృపుడు రెండు నెలలనెను, అశ్వత్థామ పది రాత్రులనెను, కర్ణుడు ఐదు రాత్రులనెను. నేటి సేనాధిపతుల సమావేశమువలె నుండును. అర్జునుడు తనకు నిమేషము చాలునని, పాశుపతము తనయొద్ద కలదని చెప్పి, వెంటనే సామాన్యజనులను దివ్యాస్త్రములతో చంపుట తగదనెను. 'పృథగ్జనుడు' అని మూలము. ద్రోణపర్వమున ఈ మాటకు వ్యతిరేకముగా జరిగెను. ద్రోణుడు అస్త్రవిద్య యెఱుగనివారిపై బ్రహ్మాస్త్రమును వేసెను. అపుడు ఋషులు ఆకాశమున నిలిచి, అస్త్రము తెలియనివారిని కాల్చితివి, ఇది మంచిపని కాదు, ఆయుధము దింపుమనిరి. ద్రోణునకు శత్రువులు పెట్టిన నిందలు ఎన్నియో కలవు. ఇది మిత్రులు, పూజ్యులు చెప్పిన మాట. అతని ఆయువు తీరినదని వారు చెప్పినదియు అప్పుడే.

సౌప్తికపర్వమును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. తిక్కన చేతిలో తెలుగువారికి అది తెలిసినదే. నిద్రించువారిని చంపుట తగదని కృపుడు రాత్రి వాదించినంతసేపు వాదించి, తుదకు మేనల్లుని వెంట శిబిరద్వారము వఱకు వెళ్లెను. వ్యతిరేకించుచునే కాపలా కాసిన ఆ పెద్దమనిషిని మన వ్యాఖ్యాతలు సానుభూతితో చూతురు. నాకు అంత సానుభూతి లేదు. ఐషీకమునందు అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరింపగా, అశ్వత్థామకు అది చేతకాలేదు. వెనుకకు తీసికొనలేనిది పాండవస్త్రీల గర్భములపై పడెను. అటువంటి రెండస్త్రములు ఢీకొన్న దేశమున పన్నెండేండ్లు వాన కురియదని కూడ అచట కలదు. ఇందులో అణుబాంబు కలదని చూపువారితో నేను ఏకీభవింపను. అది పురాణమును, విజ్ఞానమును రెండింటిని చులకన చేయుట. అందు కలది ధర్మప్రశ్న. ప్రయోగము తెలిసి ఉపసంహారము తెలియనివాని చేతిలో ఆయుధముండుట యెట్లు?

మూడవ వాదము, అనగా ఆపద వాదము, మన ఆపద్ధర్మమునకు దగ్గఱగా కనబడును. అమెరికా రచయిత మైకేల్ వాల్జర్ 1977లో వ్రాసిన గ్రంథమున, 1940 నాటి ఇంగ్లండు పరిస్థితియే అట్టిదని కొంత ఒప్పుకొని, ఆ ఆపద తొలగిన పిమ్మట కూడ నగరములను కాల్చుట కొనసాగెనని తప్పుపట్టెను. శాంతిపర్వమున కఱవుకాలమందు విశ్వామిత్రుడు శ్వమాంసమును తినబూనిన కథ కలదు. ఆపద్ధర్మమున కది పరమావధి. ఐతే అందు పాపమును నెత్తిన వేసికొన్నవాడు తానే. ప్రాణము నిలుపుకొనుటకు పొరుగువానిని చంపలేదు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెను కాలునాటికి ఇంగ్లండునకు అట్టి ఆపద లేదు. ఇరువదియైదు వేలమంది ఆ దాడిలో మరణించిరని పరిశోధకులు నిర్ణయించినారు. మార్చి 28న చర్చిల్ తన సేనాధిపతులకు వ్రాసిన లేఖలో, వేఱు నెపములు చెప్పుచు భయము పుట్టించుటకై నగరములను కొట్టుటను పునరాలోచింపవలెననెను. వారు నొచ్చుకొనగా కొలదిదినములలో ఆ లేఖను ఉపసంహరించి మెత్తని భాషలో తిరుగ వ్రాసెను. మనువు 'రాత్రి భయపెట్టవలెను' అని దాచక వ్రాసెను. ఇరువదవ శతాబ్దము అదే పని చేసి, ఆ మాటను లేఖలనుండి తుడిచివేసెను. ఏది మేలో నాకు తోచదు. టోక్యో విచారణలో మన రాధావినోద పాలుగారు 1948 నాటి తమ భిన్నతీర్పులో అణుబాంబు నిర్ణయమును ఏ దోషములప్రక్కన నిలిపిరో, ఆ పంక్తిలో విజేతలు నిలువనొల్లకపోవుటకు ఆ మెత్తని భాషయే సాయపడెను.

ఇంతవఱకు పరుల మాట. ఇక మన మాట. మన దేశము తన క్షిపణులకు అగ్ని, అస్త్ర, పినాక అను పేర్లు పెట్టుకొనెను. వానిలో కొన్నిటి నిర్మాణము హైదరాబాదుననే జరుగుచున్నది. పేర్లు మన గ్రంథములనుండి తెచ్చుకొంటిమి. ఆ పేర్లతోబాటు అచట వ్రాసియున్న నియమములను తెచ్చుకొంటిమా? అణ్వస్త్రమును మొదట ప్రయోగింపబోమని 2003 జనవరిలో ప్రభుత్వము ప్రకటించిన విధానము శ్లాఘ్యము. ఐతే ఆ విధానముననే, మనపై అట్టి దాడి జరిగినచో ప్రతిదాడి భరింపరాని నష్టము కలిగించునంత భారీగా నుండునను వాక్యమును కలదు. భరింపరాని నష్టమెవరికి? శత్రువు రాజధానిలోని సేనాధిపతికా, అచటి పాలుపోయు స్త్రీకా? ఇచటనే లక్ష్మణుని ప్రశ్న మనయింటికి వచ్చును. బెదిరింపు ఉన్నందుననే శత్రువు సాహసింపడని నిపుణులందురు. ఆ వాదమును తేలికగా త్రోసివేయజాలను. కాని బెదిరింపు నిజమగు దినమున ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆ వాదమున ఉత్తరము లేదు. రాముడు ఉత్తరము చెప్పినది ఆ దినముననే.

మఱొకటి. యుద్ధమున పౌరులను గుఱిగా చేయరాదనియు, విచక్షణ లేని దాడులు కూడదనియు విధించిన 1977 జెనీవా అదనపు ప్రోటోకాలునకు నూటడెబ్బదికి పైగా దేశములు కట్టుబడినవి. భారతదేశము వానిలో లేదు. అమెరికా, పాకిస్తాను, ఇజ్రాయేలును లేవు. మన ప్రభుత్వమునకు తన కారణములు తనకుండవచ్చును. వానిని చర్చించుట న్యాయశాస్త్రజ్ఞుల పని. కాని ధర్మయుద్ధము మన సొత్తని సభలలో చెప్పు విద్వాంసులు, అయుధ్యమానుడను పదమును పుట్టించిన దేశము ఆ పదమునకు అర్థము చెప్పు ఒప్పందమున చేతివ్రాలు చేయకుండుటకు కారణమేమని ఒక తీర్మానరూపమునైన అడుగుట మన పని. నాకు తెలిసినంతలో ఏ ప్రాచ్యవిద్యాసదస్సునందును అట్టి తీర్మానము చర్చకు రాలేదు. వచ్చు సదస్సున దానిని ప్రతిపాదించువారుండినచో, యుద్ధకాండములోని ఆ సర్గకును, కౌటిల్యుని పదమూడవ అధికరణమునకును, వానితోబాటు మనువు ముట్టడి శ్లోకములకును ప్రతిపదార్థములు వ్రాసి తెచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.